చిన్న కవిత, దాని మిగతా సగం

రెండు మూడు పంక్తుల్లో ముగిసిపోయే రచన కవిత అవుతుందా, అయితే దేనివల్ల అవుతుంది అన్నది ఏ సాహిత్యంలోనూ పూర్తిగా తేలిన ప్రశ్న కాదు. తెలుగులో మినీకవిత, హైకూ, నానీ ఒకదాని వెంట ఒకటి వచ్చి అర్ధశతాబ్దం కావస్తోంది. ఈ కాలంలో ప్రశ్న తేలకపోగా మరింత చిక్కుపడింది. కొందరు అక్షరాలు లెక్కపెడతారు, కొందరు కొసమెరుపు కోసం చూస్తారు, ఇంకొందరు దృశ్యం చాలు అంటారు. ఒకరు గుణమన్నదే మరొకరికి దోషం. ఇలాంటి తగవే 18వ శతాబ్దపు జర్మన్ విమర్శకుల మధ్య నడిచింది. అంతకు ఎంతో ముందు ప్రాకృత గాథలను ముందు పెట్టుకొని మన ఆలంకారికులూ ఆలోచించారు. ఈ వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. చిన్న కవిత తనలో సగమే ఉంచుకుంటుంది, మిగతా సగం బయట ఉంటుంది. ఆ బయటి సగం ఎక్కడ ఉందన్న దగ్గరే వాదాలు విడిపోతాయి.

పాడర్‌బోర్న్ కిటికీ

జర్మనీలో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రపు తూర్పు కొసన ఉన్న పాడర్‌బోర్న్ ఊటల మీద వెలసిన నగరం. ఊరి నడుమ రెండు వందలకు పైగా ఊటలు కలిసి పాడర్ నది అవుతాయి. ఆ నది నాలుగు కిలోమీటర్లు ప్రవహించి లిప్పె నదిలో కలిసిపోతుంది. జర్మనీలో అతి పొట్టి నదిగా దానికి పేరు. ఆ ఊటలకు దగ్గరలోనే ఉన్న పెద్ద చర్చి ఆవరణలో, 16వ శతాబ్దపు తొలినాళ్ల రాతికిటికీ ఒకటి ఉంది. అందులో మూడు కుందేళ్లు ఒకదాని వెంట ఒకటి వలయంగా పరుగెత్తుతుంటాయి. చెక్కినవి మూడు చెవులే. ప్రతి చెవినీ రెండు కుందేళ్లు పంచుకుంటాయి కనుక ఏ కుందేలును చూసినా దానికి రెండు చెవులే ఉంటాయి.

ఈ శిల్పం మీద జర్మన్‌లో ప్రాస కుదిరిన రెండు పంక్తుల జానపద పద్యం ఒకటి వాడుకలో ఉంది. అది ఎవరు కట్టారో తెలియదు. అందులో వర్ణన లేదు, భావావేశం లేదు, నీతి లేదు. ఉన్నది చిన్న లెక్క, ఆ లెక్క తప్పినట్టు కనిపించే చోట ఒక తిరుగుడు. కిటికీ చూడనివాడికి ఆ పద్యం పొడుపుకథ, చూసినవాడికి విప్పిన ముడి. పద్యం సగం నోట ఉంది, సగం రాతిలో ఉంది.

మూడు కుందేళ్ల బొమ్మ పాడర్‌బోర్న్‌లో పుట్టినది కాదు. చైనాలోని దున్‌హువాంగ్ గుహల పైకప్పుల్లో సుయ్ వంశం నాటికే, అంటే 6, 7 శతాబ్దాల సంధిలోనే, అది కనిపిస్తుంది. ఇలాంటి పంపకం మన శిల్పులకూ తెలుసు. దారాసురం ఐరావతేశ్వరాలయంలోని వృషభకుంజరంలో ఏనుగుకూ ఎద్దుకూ తల ఒక్కటే. ఎటు మూసి చూస్తే అటు జంతువు కనిపిస్తుంది. మన అలంకారశాస్త్రంలో దీనికి సాటి శ్లేష. ఒకే మాట రెండు అర్థాలకూ పనిచేయడం, ఒకే చెవి రెండు కుందేళ్లకూ సరిపోవడం ఒకే విద్య. చిన్న కవిత కుదింపు వల్ల చిన్నదైందని సాధారణంగా అంటారు. ఈ కిటికీని బట్టి చూస్తే అది పంపకం వల్ల చిన్నదైందనడం నిజానికి దగ్గర.

రాతిని, పద్యాన్ని జత చేయడం పాడర్‌బోర్న్‌కు కొత్తేమీ కాదు. 1661 నుంచి 1683 దాకా అక్కడ బిషప్‌గా, పాలకుడిగా ఉన్న ఫెర్డినాండ్ ఫాన్ ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ స్వయంగా లాటిన్ కవి. ఆయన 1669లో అచ్చువేయించిన 'మోనుమెంటా పాడర్‌బోర్నెన్సియా' ఆ ప్రాంతపు చారిత్రక స్థలాలను ఒక్కొక్కటే తీసుకొని, దానికి తగిన లాటిన్ శాసనపాఠాన్ని, దాని వెనక చరిత్రను అందిస్తుంది. ఐరోపాలో చిన్న పద్యానికి స్థిరపడిన 'ఎపిగ్రమ్' అన్న గ్రీకు మాటకు అసలు అర్థం 'మీద రాసినది'. సమాధి మీద, విగ్రహం కింద, కానుకగా ఇచ్చిన పాత్ర మీద చెక్కిన మాట అది. రాతిలో చోటు తక్కువ, ఉలి పని కష్టం. చిన్నదనం మొదట సౌందర్యసూత్రంగా రాలేదు, పని ఇబ్బంది నుంచి వచ్చింది.

లెస్సింగ్, హెర్డర్: కొసమెరుపా, చూపా?

ఎపిగ్రమ్‌ను గురించి జర్మన్‌లో మొదటి గట్టి సిద్ధాంతం లెస్సింగ్ 1771లో ప్రతిపాదించాడు. దారిలో ఒక స్మారకం ఎదురైతే చూసేవాడికి కుతూహలం పుడుతుంది, దాని మీది రాత ఆ కుతూహలాన్ని తీరుస్తుంది. శాసనం రాతిని వదిలి పుస్తకంలోకి వచ్చాక ఈ రెండు పనులూ పద్యమే చేయాలి. మొదటి భాగం ఎదురుచూపు పుట్టించాలి, రెండో భాగం విప్పాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా అది ఎపిగ్రమ్ కాదని ఆయన తీర్పు. రోమన్ కవి మార్షల్ ఆయనకు ఆదర్శం. మార్షల్ పద్యం చివరి మాట దగ్గర తేలులా కుడుతుంది.

హెర్డర్ 1780లలో దీన్ని ఒప్పుకోలేదు. ఆయన మార్షల్‌ను వదిలి గ్రీకు పద్యసంకలనాల వైపు తిరిగాడు. అక్కడ చాలా పద్యాలకు కొస లేదు, కుట్టడం లేదు. ఎదుట ఉన్న ఒక వస్తువును నిలిపి చూపి, దాని మీద మనసు నిలవనిస్తే చాలు. ఆ చూపే పద్యం. ఈ తేడాను కేవలం అభిరుచి భేదం అనుకోకూడదు. లెస్సింగ్ ప్రకారం చిన్న కవిత మూసుకుంటుంది, హెర్డర్ ప్రకారం తెరుచుకుంటుంది. తర్వాతి రెండు శతాబ్దాల వాదాలు చాలావరకు ఈ రెండు కొమ్మల మీదనే కూర్చున్నాయి.

కవులు మాత్రం రెండు కొమ్మల మీదా వాలారు. గ్యోతే, షిల్లర్ కలిసి 1796లో ప్రచురించిన 'క్సేనియెన్' ద్విపదలు సాటి రచయితలకు చురకలు వేయడానికి రాసినవి, పూర్తిగా లెస్సింగ్ దారి. అదే గ్యోతే 1780 సెప్టెంబరులో ఇల్మెనావు దగ్గరి కికెల్‌హాన్ కొండ మీద ఒక చెక్క గుడిసె గోడ మీద ఎనిమిది పొట్టి పంక్తులు రాశాడు. కొండల మీద సాయంత్రపు నిశ్శబ్దం గురించిన ఆ కవితలో చమత్కారం మచ్చుకైనా లేదు. జర్మన్ భాషలో దానికన్నా ప్రసిద్ధమైన చిన్న కవితను చూపడం కష్టం. లెస్సింగ్ సూత్రానికి గట్టి జవాబు ఆ గుడిసె గోడ మీదే ఉంది.

గాథలు, ధ్వని

లెస్సింగ్‌కు వెయ్యేళ్లకు ముందే భారతదేశంలో ఈ ప్రశ్న మరో దారిన నడిచింది. శాతవాహన రాజు హాలుడి పేరుతో వచ్చిన గాథాసప్తశతి మహారాష్ట్రీ ప్రాకృతంలో ఏడువందల విడిపద్యాల సంకలనం. దాని లోకం పల్లె: పొలం, కాలువగట్టు, అత్తాకోడళ్లు, దారి నడిచే బాటసారి. శ్రీనాథుడు తొలివయసులో దీన్ని తెలుగు చేశానని చెప్పుకున్నాడు, కానీ ఆ గ్రంథం దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గాథలను ఎంచి తెలుగు పద్యాలుగా మలిచారు. జర్మన్ పండితుడు ఆల్‌బ్రెష్ట్ వేబర్ 1870లో కొంత భాగాన్ని, 1881లో లైప్‌జిగ్ నుంచి సమగ్ర పాఠాన్ని అనువాదంతో ప్రచురించాడు. గోదావరి నాగరికతకు దగ్గరైన ఈ చిన్న పద్యాలు ఆధునిక పరిశోధనలోకి జర్మనీ మీదుగా వచ్చాయన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టేటప్పుడు ఉదాహరణలుగా ఈ గాథల వైపే మాటిమాటికి చెయ్యి చాపాడు. కారణం స్పష్టం. గాథలో చెప్పిన మాట ఒకటి, అందే అర్థం వేరు. ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో ఒక స్త్రీ బాటసారికి చెబుతుంది, అతనికి అందేది పిలుపు. ఇక్కడ మిగతా సగం రాతిలోనూ లేదు, పద్యపు చివరి మాటలోనూ లేదు. సహృదయుడి మనసులో ఉంది. అమరుకుడి ముక్తకాల్లో ఒక్కొక్కటీ ఒక్కో ప్రబంధమంత రసం నింపుకుందని ఆనందవర్ధనుడే అన్నాడు. ముక్తకం అంటే దేనితోనూ ముడిపడనిది. ముందూ వెనకా ఏ కథా లేకుండా నిలబడే పద్యానికి మన శాస్త్రం పేరు పెట్టి గౌరవించిందన్నమాట. చిన్న కవితకు మన సంప్రదాయంలో పీట లేదని అప్పుడప్పుడు వినిపించే మాటకు ఇది చాలిన జవాబు.

వేమన, చాటువు

తెలుగులో ముక్తకం రెండు ప్రధాన రూపాల్లో జనం నోట నిలిచింది. ఒకటి శతక పద్యం. దానికి శిఖరం వేమన ఆటవెలది. నాలుగో పాదాన్ని మకుటం తీసుకుంటుంది కనుక కవికి దక్కేవి మూడు పాదాలే. సాధారణంగా మొదటి పాదాల్లో ఒక లోకానుభవం, దాని వెంట మరొకటి, మూడో పాదంలో రెంటినీ కలిపే తీర్పు వస్తాయి. లెస్సింగ్ చెప్పిన ఎదురుచూపు, విప్పడం ఇక్కడ అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. సి.పి. బ్రౌన్ 1829లో 693 వేమన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో ప్రచురించడంతో నోటి సంపద పుస్తకానికెక్కింది.

రెండోది చాటువు. వేటూరి ప్రభాకరశాస్త్రి 'చాటుపద్యమణిమంజరి'గా కూర్చిన ఈ పద్యాలకు ఒక విశేషం ఉంది. చాటువు ఒంటరిగా తిరగదు, దాని వెంట ఒక కథ తిరుగుతుంది. ఏ కవి, ఏ రాజు ముందు, ఎవరి మీద, ఏ సమయంలో చెప్పాడన్నది పద్యంతోపాటే అందుతుంది. ఆ కథల్లో చాలావాటికి చారిత్రక ఆధారం లేదు. అయినా కథ తీసేస్తే పద్యం సగం చచ్చిపోతుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ 1998లో చాటువుల మీద తెచ్చిన ఇంగ్లిషు పుస్తకం ఈ సంగతినే ముందుకు తెచ్చింది. పాడర్‌బోర్న్ పద్యానికి కిటికీ ఎలాగో, చాటువుకు కథ అలాగ.

మినీకవిత, హైకూ, నానీ

ఆధునిక కాలంలో చిన్న రూపాల వైపు మళ్లింపు 1960లలో ఆరుద్ర కూనలమ్మ పదాలతో బలపడింది. అవి ప్రాస కట్టిన పదాలు, పాట నడకవి, కాలం మీద చురకలు. 1970లలో వచ్చిన మినీకవిత ప్రాసనూ వదిలేసింది. వచనకవిత పేజీలకు పేజీలు పెరిగి నినాదంగా మారుతున్న కాలంలో అది ఒక విధమైన దిద్దుబాటు. ఈ రూపాన్ని ప్రాణం పెట్టి వాడినవాడు జగిత్యాల నుంచి వచ్చిన అలిశెట్టి ప్రభాకర్. ఆంధ్రజ్యోతిలో వచ్చిన 'సిటీ లైఫ్' కవితల్లో హైదరాబాద్ బతుకు కరుకుదనం నాలుగైదు పంక్తుల్లో కోతపెట్టినట్టు నిలుస్తుంది. ఆయన చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ కూడా. చట్రం గీసి తక్కినది వదిలేయడం ఆ చేతికి అలవాటు. 1993లో చిన్న వయసులోనే వెళ్లిపోయాడు. మినీకవితను ఎవరైనా తక్కువచేసి మాట్లాడితే ముందు చూపాల్సిన పేరు ఇదే.

హైకూ 1990ల తొలినాళ్లలో గాలి నాసరరెడ్డి వంటివారి చేతుల్లో తెలుగులో వేళ్లూనింది. ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' దానికి గౌరవం తెచ్చింది. ఇస్మాయిల్‌ది హెర్డర్ దారి. వస్తువును చూపి తప్పుకుంటాడు, తీర్పు చెప్పడు. ఆ పుస్తకం పేరులోని కప్ప 17వ శతాబ్దపు జపాన్ కవి బషో హైకూలోని కప్పకు చుట్టం. జపాన్ కవికి హైకూలో మిగతా సగం రుతువు. ఒక రుతుసూచక పదం పడితే ఏళ్లనాటి పద్యాలన్నీ పాఠకుడికి తలపుకొస్తాయి. తెలుగులో అలాంటి ఉమ్మడి పదకోశం స్థిరపడలేదు. అందువల్ల తెలుగు హైకూ తన దృశ్యాన్ని తానే మోసుకోవాలి. ఇస్మాయిల్ తర్వాత వచ్చిన హైకూల్లో చాలావాటి బలహీనతకు మూలం ఇక్కడే ఉంది.

1997లో ఎన్. గోపి 'వార్త' దినపత్రికలో నానీలు మొదలుపెట్టాడు. నాలుగు పాదాలు, ఇరవైకి తగ్గకుండా ఇరవై ఐదుకు మించకుండా అక్షరాలు, మొదటి సగంలో ఒక అంశం, రెండో సగంలో దానికి సమర్థనో విరుపో. 'నా', 'నీ' కలిసిన పేరు అది, చిన్న బిడ్డను పిలిచే ముద్దుపేరు కూడా. గోపి పరిశోధన వేమన మీద. నానీ నిర్మాణంలో ఆటవెలది ఎముకలు కనిపించడం యాదృచ్ఛికం కాదు. తర్వాతి సంవత్సరాల్లో వందలాది మంది నానీలు రాశారు, పుస్తకాలు వేశారు. సుగమ్‌బాబు 'రెక్కలు', ఆ తర్వాత మొగ్గలు, మణిపూసలు, వ్యంజకాలు, ఏకవాక్య కవితలు వరసగా వచ్చాయి.

నానీ మీద ఉన్న ప్రధాన ఆక్షేపణ చమత్కారం గురించి. రెండో సగం తప్పనిసరిగా మెరవాలంటే, మెరుపు కోసం విషయాన్ని వంచే ప్రమాదం ఉంది. ఇది నిజమే. కానీ నియమం తప్పు కాదు, నియమాన్ని హామీగా తీసుకోవడం తప్పు. సమర్థకులు చెప్పేది వేరే: కవిత్వం రాసే ధైర్యం లేని ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు ఈ రూపంతో కలం పట్టారు. అదీ నిజమే. ఈ రెండు వాదాలు ఒకదానికొకటి జవాబులు కావు. ఒకటి కవితను గురించి, మరొకటి కవుల సంఖ్యను గురించి. చర్చ తరచుగా తెగకపోవడానికి ఈ కలగాపులగం ఒక కారణం.

తెలుగు వాక్యనిర్మాణం రెండు దారులకూ అనువైనది. క్రియ చివర వస్తుంది కనుక అర్థాన్ని ఆఖరి మాట దాకా ఆపి ఉంచవచ్చు, అది కొసమెరుపుకు సాయం. 'ఇది చెట్టు' అన్నట్టు క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది కనుక వస్తువును ఊరికే నిలిపి చూపవచ్చు, అది హైకూకు సాయం. జర్మన్ భాష ఈ రెండో సౌకర్యాన్ని అంత తేలిగ్గా ఇవ్వదు.

లెక్క తగవు

హైకూకు 5-7-5 పాటించాలా అన్నది జర్మన్‌లోనూ తెలుగులోనూ నలిగిన ప్రశ్న. జపాన్‌వారు లెక్కించేది అక్షరాన్ని కాదు, 'ఓన్' అనే ఉచ్చారణ కాలాన్ని. వారి లెక్కలో 'టోక్యో' నాలుగు ఓన్‌లు. తెలుగులో అది రెండు అక్షరాలు, రెండూ గురువులు, అంటే నాలుగు మాత్రలు. ఓన్‌కు సాటి మన అక్షరం కాదు, మాత్ర. సగం లఘువులు, సగం గురువులు అనుకుంటే 17 అక్షరాలకు 25 మాత్రలు దాటుతాయి. కాబట్టి 17 అక్షరాలు నింపిన తెలుగు హైకూ జపాన్ హైకూ కన్నా ఒకటిన్నర రెట్లు పొడవు. నిజంగా 17 మాత్రల్లో రాస్తే చేతికి దొరికేవి పదకొండు పన్నెండు అక్షరాలు.

మాత్రల తక్కెడలో పెడితే రూపాల పోలిక తేటపడుతుంది. హైకూ 17. నానీ, పై అంచనా ప్రకారం, 30 నుంచి 37. ప్రాకృత గాథ 30, 27 కలిసి 57. ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కనుక 17 నుంచి 19 దాకా, సరి పాదానికి ఐదు సూర్యగణాలు కనుక 15, మొత్తం 64 నుంచి 68. అంటే వేమన పద్యపు మొదటి పాదం ఒక్కటే దాదాపు ఒక హైకూ అంత. చిన్నదంటే ఎంత చిన్నది అన్న ప్రశ్నకు ఈ లెక్క ఉపయోగం. ఏది కవిత అన్న ప్రశ్నకు మాత్రం ఏ లెక్కా జవాబు కాదు.

ఖాళీ కాగితం, గోడ

20వ శతాబ్దంలో నాలుగో వాదం బయల్దేరింది. బొలీవియాలో పుట్టి జర్మన్‌లో రాసిన స్విస్ కవి ఓయ్‌గెన్ గోమ్‌రింగర్ 1953లో 'కాన్‌స్టెలేషన్'ల పేరుతో కొన్ని పదాలను కాగితం మీద నక్షత్రాల్లా పేర్చాడు. ఆయన ప్రసిద్ధ కవితలో 'మౌనం' అన్న అర్థమిచ్చే ఒకే జర్మన్ పదం పద్నాలుగు సార్లు వస్తుంది, నడుమ ఒక చోట ఖాళీ. అసలు మౌనం ఆ ఖాళీలో ఉంది. ఇక్కడ మిగతా సగం తెల్ల కాగితం.

ఆ కాగితం గోడగా మారితే ఏమవుతుందో బెర్లిన్‌లో తెలిసింది. కొన్ని స్పానిష్ పదాలతో అల్లిన గోమ్‌రింగర్ కవితను 2011లో ఆలిస్ జాలొమోన్ కళాశాల భవనం గోడ మీద రాశారు. అందులో స్త్రీలను వీధులు, పూల సరసన నిలిపి ఒక పురుషుడు మెచ్చి చూస్తున్నాడని 2016లో విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. 2018లో ఆ కవితను చెరిపి బార్బరా క్యోలర్ కవితను రాయాలని కళాశాల నిర్ణయించింది. సెన్సార్ అని ఒక పక్షం, గోడ అందరిదీ అని మరో పక్షం వాదించాయి. పుస్తకంలో అరవై ఏళ్లు నిరపాయంగా ఉన్న కవిత గోడ ఎక్కాక తగవైంది. కవితలో ఒక్క అక్షరం మారలేదు, బయటి సగం మారింది.

కవితను మోసే ఆధారం విలువ రవీంద్రుడికి తెలుసు. చైనా, జపాన్ ప్రయాణాల్లో విసనకర్రల మీద, పట్టుగుడ్డల మీద అభిమానులు అడిగితే రాసిచ్చిన చిన్న పద్యాలను ఆయన తన చేతిరాతతోనే అచ్చయ్యేలా 1920లలో జర్మనీలో 'లేఖన్'గా వేయించాడు.

తేలని సంగతులు

మూడు విషయాలు ఇంకా తేలలేదు. ఒకటి, ఏకవాక్యం. సామెతకూ ఏకవాక్య కవితకూ గీత ఎక్కడన్నది ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు. సామెత అందరి అనుభవాన్ని మూసి చేతిలో పెడుతుంది, కవిత ఒకరి చూపును తెరిచి ఉంచుతుంది అన్నంత వరకు చెప్పవచ్చు, కానీ వేమన పద్యపాదాలే సామెతలైపోయిన భాషలో ఈ గీత నిలవదు. రెండు, కొత్త పేర్లు. అక్షరాల సంఖ్య మారినప్పుడల్లా కొత్త ప్రక్రియ పుట్టిందనడం సమంజసం కాదు. కొత్త నియమం కవి చేత ఇంతకుముందు చేయలేని పని చేయిస్తే అది ప్రక్రియ, లేకపోతే కొలత మాత్రమే. నానీ ఆ పరీక్షలో నెగ్గింది. తర్వాత వచ్చిన పేర్లలో చాలావాటికి ఇంకా రుజువు రావాలి.

మూడోది పుస్తకం సమస్య. రోజుకొకటి చొప్పున పత్రికలో చదివిన నానీ, వందనూటయాభై నానీల పుస్తకంలో అదే రుచి ఇవ్వదు. పదో పేజీకి మెరుపులు ఒకదాన్నొకటి ఆర్పేస్తాయి. పైగా పత్రికలో ఆ రోజు వార్త పక్కన ఉండి పూరించిన సగం, పుస్తకంలోకి రాదు. ఏ ఎన్నిక మీద, ఏ కరువు మీద, ఏ మరణం మీద రాశారో పాతికేళ్ల తర్వాతి పాఠకుడికి అందదు. చాటువులను కథలు కాపాడాయి. పాడర్‌బోర్న్ పద్యాన్ని కిటికీ కాపాడుతోంది. నేటి చిన్న కవితకు అలాంటి కాపు లేదు. కనుక లఘుకవితా సంపుటాలు వేసేవారు పేజీకి ఒకటి రెండింటికి మించకుండా వేయాలి. ప్రతి కవిత కింద అది మొదట వచ్చిన పత్రిక పేరు, తేదీ, రాసిన సందర్భం ఒక్క పంక్తిలోనైనా అచ్చువేయాలి.